యాకోబు పత్రికలో 'భక్తి' శబ్దము

తెలుగు సాహిత్యమున భక్తి యను శబ్దమునకు గల చరిత్ర సుదీర్ఘమైనది. పాలకురికి సోమనాథుని నాటి శైవ వాఙ్మయము మొదలుకొని పోతన భాగవతము, అన్నమయ్య సంకీర్తనములు, రామదాసు కీర్తనలు, త్యాగరాజు కృతులు వరకు ఈ శబ్దము పొందిన అర్థవికాసమును గూర్చి పండితులు విపులముగా చర్చించియున్నారు. కాని ఇదే శబ్దము మరియొక గ్రంథమున, మరియొక జనసమూహము నోట, సుమారు రెండు శతాబ్దులుగా బ్రదుకుచున్నదను సంగతి మన విమర్శకుల దృష్టికి అంతగా వచ్చినట్లు కానరాదు. ఆ గ్రంథము తెలుగు బైబిలు.

బైబిలు భాషను 'పాదరీల తెలుగు' అని పేరు పెట్టి ప్రక్కకు నెట్టుట మనలో పరిపాటియైనది. ఆ నిందలో కొంత నిజము లేకపోలేదు. మూలమునందలి వాక్యక్రమమును విడువలేక తెలుగు నుడికారమును విడిచిన తావులు అందున్నవి. ఐనను ఒక గ్రంథమును దాని దోషములచేతనే కొలుచుట విమర్శ కాదు. అందలి యొక్కొక్క పదమును అనువాదకు లేల యెన్నుకొనిరి, ఆ యెన్నిక వలన అర్థమునకు కలిగిన హానివృద్ధు లెట్టివి అని విచారించుట విమర్శ. అట్టి విచారణకు క్రొత్త నిబంధనలోని యాకోబు పత్రిక మిక్కిలి అనుకూలమైనది. క్రైస్తవ విశ్వాసము నిత్యజీవితమున నడవడిగా పరిణమింపవలెనని ఆ పత్రిక చెప్పినంత సూటిగా క్రొత్త నిబంధనలో మరియొక భాగము చెప్పలేదు.

ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచిన దొక్కటే. గ్రీకు మూలములోని 'థ్రేస్కైయా' అను పదమును 'భక్తి' యని తెలిగించుటచే పత్రికాకర్త వాదము తెలుగున కొంత కోల్పోయినది, అంతకంటె ఎక్కువ సంపాదించినది. ఆ సంపాదించిన దేమో తెలిసికొనుటకు నిఘంటువు మాత్రము చాలదు. ఆ మాటలను విని నడచుకొనిన జనుల చరిత్రను గూడ చూడవలసియున్నది.

ఇందు మేము గ్రహించినది బైబిల్ సొసైటీ వారు ప్రచురించుచు, సంఘములలో నేటికిని బహుళముగా చదువబడుచున్న గ్రాంథికానువాదము. తెలుగు అనువాద కృషి పదునెనిమిదవ శతాబ్దిలో బెంజమిన్ షుల్ట్జ్ తో మొదలైనది. 1805 లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ అనువారు ఆనందరాయ రను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. వాని ఫలముగా మూడు సువార్తలు 1812 లో శ్రీరామపురమున అచ్చైనవి. తరువాత పలువురు దిద్దగా నేటి పాఠ మేర్పడినది. కావున ఈ భాష ఒక్క విదేశీయుని కల్పన కాదు, తెలుగు పండితుల చెవియు దానియందున్నదని మొదటనే గుర్తింపవలెను.

యాకోబు పత్రిక చిన్నది. అయిదధ్యాయములు, 108 వచనములు. అందు విధ్యర్థక క్రియలు యాభైకి మించియున్నవి. యేసు నామము రెండుసార్లే వచ్చును. సిలువను గూర్చిగాని పునరుత్థానమును గూర్చిగాని ప్రస్తావన లేదు. నాలుగవ శతాబ్దిలో యుసేబియసు దీనిని వివాదాస్పద గ్రంథములలో పేర్కొనెను. మార్టిన్ లూథరు 1522 నాటి తన క్రొత్త నిబంధన పీఠికలో దీనిని గడ్డిపోచ పత్రికగా తక్కువచేసెను. సిద్ధాంతమును వెదకువారికి ఇందు దొరకునది కొంచెమే. నాలుకను, కూలిని, కూర్చుండు చోటును, బట్టను, వర్షమును గూర్చి మాత్రము ఇందు చాల గలదు.

ఇక ప్రధాన పదమునకు వత్తము. 'థ్రేస్కైయా' అనునది క్రొత్త నిబంధనలో నాలుగు చోటులనే వచ్చును. అపొస్తలుల కార్యములలో దానికి 'మతము' అనియు, కొలొస్సయుల పత్రికలో దేవదూతలకు చేయు 'ఆరాధన' యనియు, యాకోబు పత్రికలో రెండుసార్లు 'భక్తి' యనియు తెలుగున వచ్చినది. మరియొకవైపు తిమోతి పత్రికలలో 'యుసెబెయా' అను వేరు పదమునకు గూడ భక్తి, దైవభక్తి యను మాటలే వాడబడినవి. అనగా గ్రీకున వేర్వేరుగా నున్న రెండు భావములను తెలుగు ఒక్క మాటలో కలిపినది. యుసెబెయా దైవమునెడ హృదయమున నుండు గౌరవము. థ్రేస్కైయా బాహ్యానుష్ఠానము, నియమపూర్వకమైన పూజావిధి. హెరొడొటసు ఐగుప్తు పూజారుల శౌచనియమములను వర్ణించుచు ఈ పదమునే వాడెను.

ఈ భేదమును మనసున నుంచుకొని మొదటి యధ్యాయము చివరి వచనమును పరిశీలింతము. పవిత్రమైన, కళంకము లేని థ్రేస్కైయా ఏది యను ప్రశ్నకు యాకోబు చెప్పిన ప్రత్యుత్తరము రెండు భాగములు గలది: దిక్కులేని బిడ్డలను విధవరాండ్రను వారి కష్టమున పోయి చూచుట యొకటి, లోకపు మైల తనకు తగులనీయకుండుట రెండవది. మూలమున 'పవిత్రము', 'నిష్కళంకము' అను విశేషణములు దేవాలయ పరిభాషకు చెందినవి. మన మాటలో చెప్పవలెనన్న అవి మడికి సంబంధించిన మాటలు. యాకోబు శౌచవిధుల భాషను తీసికొని, అసలైన మడి దిక్కులేనివారి గడప త్రొక్కుటయే యని చమత్కరించుచున్నాడు. 'భక్తి' యనగానే ఈ వ్యంగ్యము సన్నగిల్లినది. తెలుగువాని చెవికి భక్తి పూజావిధి కాదు, హృదయమున పొంగు భావము. కావున అనుష్ఠానమునకు అనుష్ఠానమును ఎదురు నిలిపిన మూలవాదము తెలుగున స్పష్టముగా వినబడదు. ఇది మేము చెప్పిన హాని.

వృద్ధి యిట్లున్నది. శ్రవణము, కీర్తనము, స్మరణము, పాదసేవనము, అర్చనము, వందనము, దాస్యము, సఖ్యము, ఆత్మనివేదనము అని భాగవతము చెప్పిన తొమ్మిది భక్తిమార్గములు తెలుగు పాఠకునికి కంఠస్థములు. ఈ తొమ్మిదింటను భక్తుని ముఖము భగవంతుని వైపే తిరిగియుండును. ఇట్టి పాఠకుని యెదుట ఒక గ్రంథము భక్తి యేదనగా అని లక్షణము చెప్పబూని, కీర్తనమును వందనమును చెప్పక, తల్లిదండ్రులు లేని బిడ్డ యింటికి దారి చూపినచో అతడు ఒక్కక్షణ మాగక తప్పదు. గ్రీకున పూజావిధిని ప్రశ్నించిన వాక్యము తెలుగున భావావేశమును ప్రశ్నించుచున్నది. విగ్రహమును విడిచితిని గనుక నాకీ వాక్యము తగులదని క్రైస్తవుడు తప్పించుకొనుటకు వీలు లేదు. కీర్తన పాడి కన్నీరు విడుచుట భక్తికి పర్యాప్తమని తలంచు క్రైస్తవునికే అది ముందుగా తగులును. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి కీర్తనలతో పెరిగిన ఆంధ్ర క్రైస్తవ సంఘమునకు ఈ హెచ్చరిక అనావశ్యకము కాదు.

'దిక్కులేని' యను విశేషణము గూడ గమనింపదగినది. మూలమున నున్నది తండ్రిని కోల్పోయినవారను నర్థముగల పదము. అనువాదకులు దానిని మక్కికి మక్కి దించక మన నుడికారమును పట్టుకొనిరి. భక్తి వాఙ్మయమున దిక్కు అనగా శరణు. గజేంద్రుడు మొదలు రామదాసు వరకు ఆర్తుడైన భక్తుడు నీవే దిక్కని దైవమును పిలుచును. యాకోబు పత్రిక తెలుగున ఆ సంబంధమును ఒక మెట్టు ముందునకు జరిపినది. దైవమే దిక్కని నమ్మినవాడు దిక్కులేనివానికి తాను దిక్కగుటకు పోవలెను. ఈ ధ్వని గ్రీకున లేదు. తెలుగు పదమునకు పూర్వమే యున్న సంస్కారము వలన అది కలిగినది.

'పరామర్శించు' అను క్రియయు అట్టిదే. మూలమందలి 'ఎపిస్కెప్టెస్థై' కి పోయి చూచుట, విచారించి పోషించుట అను రెండర్థములు గలవు. మనలో పరామర్శ యనగా దుఃఖము కలిగిన యింటికి పోయి పలుకరించుట. నోటిమాటతో ముగియు పరామర్శలు మనకు క్రొత్త కావు గనుక ఈ పదము కొంచెము మెత్తనైనదని ఆక్షేపింపవచ్చును. కాని ఒక విశేషము మరువరాదు. విధవ యెదురగుట అపశకునమని, ఆమె ముఖము చూచి పయనము మానుకొనిన సంఘము మనది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 లో తొలి వితంతు వివాహము జరిపించుటకు ఎంత పోరాడవలసివచ్చెనో సుప్రసిద్ధము. అట్టి సంఘమున విధవరాలి యింటికి తనంతట పోవుటయే పవిత్రతకు లక్షణమని చెప్పిన వాక్యము శకునశాస్త్రమును తలక్రిందులు చేయుచున్నది.

ఆ వచనము రెండవ భాగమున మాలిన్యమునకు వాడిన క్రియ 'అంటు'. ఇది సాధారణమైన మాట. కాని అంటు, ముట్టు, మైల అను మాటలచే మనుష్యులనే వేరుచేసిన దేశమున ఈ మాట సాధారణముగా మిగిలియుండదు. అంటరానివారని పిలువబడినవారు ఈ వాక్యమును తమ భాషలో విన్నప్పుడు, అంటు మనుష్యునియందు లేదు, లోకపు దుర్నయమునందున్నది అని బోధపడియుండును. అంటును భయపడి దూరముగా నుండవలసినది దేనికో ఆ వాక్యము తేల్చి చెప్పినది.

ఇచ్చట విశ్వాసమునకును క్రియలకును గల వివాదమును కొంచెము స్పృశింపక తప్పదు. మనుష్యుడు విశ్వాసము వలన నీతిమంతుడగునని పౌలును, విశ్వాసము చేత మాత్రమే కాక క్రియల చేతను అగునని యాకోబును చెప్పినట్లు పైకి కనబడును. లూథరు రోమా పత్రిక 3:28 ని జర్మనులోనికి మార్చుచు మూలమున లేని 'మాత్రమే' అను పదమును చేర్చెను. అందులకు నింద రాగా 1530 లో ప్రకటించిన లేఖలో జర్మను నుడికారము దానిని కోరుచున్నదని సమాధానము చెప్పెను. మన అనువాదమున అదే చోట విశ్వాస శబ్దమునకు 'వలననే' యని అవధారణార్థకమైన ఏకారము చేరినది. ఒక సంపుటము పట్టిన వివాదము తెలుగున ఒక్క యచ్చులో ఇమిడిపోయినది. దానివలన పౌలు వాక్యమునకును యాకోబు వాక్యమునకును నడుమ దూరము మూలమునకంటె తెలుగున కొంత పెరిగినది.

ఐనను 'క్రియ' యను పద మీ దూరమును తగ్గించుచున్నది. 'ఎర్గా' కు 'కర్మ' యని అనువదించుటకు అవకాశ ముండెను. అట్లు చేసియున్నచో కర్మకాండయు, పూర్వజన్మ కర్మయు వచ్చి వాక్యమును క్రమ్మియుండెడివి. 'క్రియ' యనుటచే చేత యను నిరాడంబరమైన అర్థము నిలిచినది. పౌలు నిరాకరించినవి 'ధర్మశాస్త్ర సంబంధమైన' క్రియలు, యాకోబు కోరినవి ఏ విశేషణమును లేని క్రియలు. ఈ భేదము తెలుగున స్పష్టముగా నిలిచియున్నందున, శ్రద్ధతో చదువువానికి ఇరువురును పరస్పర విరోధులు కారని తెలియును. ఒకడు విశ్వాసమునకు ముందుండు అధికారమును కాదనుచున్నాడు, మరియొకడు దాని తరువాత రావలసిన ఫలమును అడుగుచున్నాడు.

ఆ ఫలము ఎట్టిదో చూపుటకు పత్రికాకర్త ఎన్నుకొనిన దృష్టాంతములు నిత్యజీవితము లోనివి. బట్టయు నాటి తిండియు లేని సహోదరునితో చల్లని మాట చెప్పి పంపివేయువాని చిత్రము రెండవ యధ్యాయమున గలదు. మూలమున 'వెచ్చనగుడు' అను నర్థమిచ్చు పదమునకు తెలుగున 'చలి కాచుకొను' అను జాతీయము వచ్చినది. మాఘమాసపు తెల్లవారుజామున నెగడు చుట్టు కూర్చుండు పేదల రూపము ఈ మాటతో కన్నులకు కట్టును. కప్పుకొనుటకు గుడ్డ ఇయ్యక మంట దగ్గర చలి కాచుకొమ్మని చెప్పుటలోని క్రౌర్యము తెలుగున మరింత పదునెక్కినది.

అయిదవ యధ్యాయమున చేలు కోసినవారి కూలిని బిగబట్టుకొనిన భూస్వాముల ప్రస్తావన గలదు. అందు వేతనమనిగాని జీతమనిగాని అనక 'కూలి' యని వ్రాసిరి. ఆ కూలియే మొఱపెట్టుచున్నదని కర్తృత్వము నారోపించుట మూలమున నున్న అలంకారము. దానికి 'కూలి' యను పదము తోడగుటచే కోతకాలపు తెలుగు పొలము ఎదుట నిలిచినది. అదే యధ్యాయములో సేద్యగాడు ఎదురుచూచు తొలివానకు 'తొలకరి' యను మాట వాడబడినది. పాలస్తీనమున తొలివాన శరత్కాలమున వచ్చును, మన తొలకరి మృగశిర కార్తెది. ఋతువు మారినను ఆకాశము వంక చూచు రైతు చూపు మారలేదు. కావున ఈ మార్పును దోషముగా నెన్న పనిలేదు.

ఈ మాటలను విని నడచుకొనిన జనుల చరిత్ర ఏమి చెప్పుచున్నది? 1866 లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర కాలమున మాదిగ కులస్థులలో క్రైస్తవమత వ్యాప్తి జరిగినది. 1866 లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య వారిలో ప్రథముడు. సంఘమున చేరువారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు ఇవి చిన్న నియమములు. కాని గ్రామదేవత జాతరలో డప్పు వాయించుట, పిలిచిన దినమున వెట్టికి పోవుట ఆ కులమునకు విధులైయున్న కాలమున, ఈ నియమములను పాటించుట గ్రామమంతటితోను విరోధమును కొనితెచ్చుకొనుటయే. వారి విశ్వాసము ఇరుగుపొరుగువారికి తెలిసినది సిద్ధాంతము వలన కాదు, నడత వలన.

1876–78 నాటి గొప్ప కరవులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. తిండికొరకు మతమున చేరిరను మాట రాకూడదని ఆయన యుద్దేశము. కరవు తీరిన పిదప 1878 జూలై 3 వ తేదీన వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను ఘనతగా చెప్పుకొనువారు పలువురు గలరు. మాకు ముఖ్యముగా తోచునది దానికి ముందున్న నిరీక్షణ. కూలి ఇచ్చుటయు, ఇచ్చిన కూలిని విశ్వాసమునకు వెలగా మార్చుకొనకుండుటయు యాకోబు చెప్పిన నిష్కళంకమైన భక్తికి వ్యాఖ్యానమువంటివి.

ఇట్లని ఆంధ్ర క్రైస్తవ సంఘము ఈ పత్రిక పెట్టిన పరీక్షలో నెగ్గినదని చెప్పుట సత్యము కాదు. రెండవ యధ్యాయారంభమున సంఘములోనికి వచ్చిన యిద్దరి చిత్రము గలదు. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటు దొరకును, మురికిబట్టల వానికి నిలువ చోటుగాని, పాదపీఠము దిగువ చోటుగాని దొరకును. ఈ దోషమునకు గ్రీకున 'ముఖమును స్వీకరించుట' యను నర్థముగల సమాసము గలదు. మన అనువాదకులు తొమ్మిదవ వచనమున 'పక్షపాతము' అనిరి గాని మొదటి వచనమున 'మోమాటము' అనిరి. మోము అనునది అందే యున్నందున గ్రీకు సమాసమునకు ఇంతకంటె దగ్గరి తెలుగు మాట దొరకదు. అంతకు మించిన గుణ మొకటి దీనికి గలదు. పక్షపాతియని యెవడును తన్ను తాను ఒప్పుకొనడు. మోమాటస్థుడనని చెప్పుకొనుటకు మాత్రము మనలో నెవరును సిగ్గుపడరు, అది మర్యాదలో నొక భాగమని తలంతురు. ఆ మర్యాదయే పేదవానిని నేలపై కూర్చుండబెట్టుచున్నదని ఈ పదము బయటపెట్టుచున్నది.

మాదిగలను చేర్చుకొనినచో తాము రాజాలమని పై కులములవారు సూచించినప్పుడు క్లౌ దంపతులు పేదల పక్షమునే వహించిరని ఆయన స్వీయచరిత్రము వలన తెలియుచున్నది. ఐనను కులము సంఘద్వారము వెలుపల నిలిచిపోలేదు. ఒక మిషను సంఘములలో మాలలు, మరియొక మిషను సంఘములలో మాదిగలు అధికముగా చేరుటయు, వివాహములు కులములోనే జరుగుటయు, రోమను కతోలికులలో రెడ్డి, కమ్మ క్రైస్తవులు కులనామములను నిలుపుకొనుటయు అందరెరిగినవే. క్రైస్తవ కుటుంబమున పుట్టిన గుఱ్ఱం జాషువ (1895–1971) 1941 లో వెలువడిన 'గబ్బిలము' న ఆలయప్రవేశము లేని దళితుని మొఱను గబ్బిలము ద్వారా శివునికి పంపించెను. 1964 లో ఆయన 'క్రీస్తు చరిత్ర' కు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆలయద్వారమును గూర్చి గబ్బిలము అడిగిన ప్రశ్నను, ద్వారము దాటిన పిదప కూర్చుండు చోటును గూర్చి యాకోబు పత్రిక అడుగుచున్నది. మొదటి ప్రశ్నను మన విమర్శకులు గుర్తించిరి. రెండవ ప్రశ్న తెలుగున నున్నదనియే చాలమంది యెరుగరు.

ఇచ్చట ఒక పూర్వపక్షము రావచ్చును. భక్తిని ఇట్లు నడవడిగా నిర్వచించినచో అది సంఘసేవగా తేలిపోయి, ప్రార్థనకును అంతరంగమునకును చోటు లేకుండ పోవునని కొందరు శంకింతురు. శంక సహజమే కాని పత్రిక దానికి తావియ్యదు. అది ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగియుచున్నది. అంతరంగమును గూర్చి అది వాడిన పదము 'డిప్సికోసు', రెండు మనసులవాడు. ఇంతకు పూర్వపు గ్రీకు వాఙ్మయమున ఈ పదము కానరాదని పండితులందురు. తెలుగున 'ద్విమనస్కుడు' అని చక్కగా కుదిరినది. యాకోబు దృష్టిలో క్రియ లేని విశ్వాసము బలహీనమైన విశ్వాసము కాదు, రెండుగా చీలిన మనసునకు గురుతు. నోరు ఒకటి చెప్పి చేయి మరియొకటి చేయుచున్నదన్న లోపల మనసు ఒకటిగా లేదన్నమాట.

దీనిని మన సంప్రదాయము త్రికరణశుద్ధి యనును. అనువాదకులు ఆ మాటను వాడలేదు. వాడకున్నను పత్రికలోని మూడు ముఖ్యోపదేశములు ఆ మూడు కరణములకే చెందుచున్నవి. మనసునకు ద్విమనస్కత కూడదని, వాక్కునకు కళ్లెము కావలెనని, కాయమునకు క్రియలు విధియని అది చెప్పుచున్నది. 'భక్తి' యను పదము వలన మూలములోని శౌచవ్యంగ్యము పోయినదని మేము పైన చెప్పితిమి. పోయిన దానికి మారుగా వచ్చిన దిదియే: లోని భావము, నోటి మాట, చేతి పని యొక్కటి కానిదే భక్తి యను పేరు చెల్లదను నిబంధన.

కావున తెలుగు భక్తి వాఙ్మయ చరిత్రను వ్రాయువారు ఈ పత్రికను విడుచుట న్యాయము కాదు. అది మతబోధ గ్రంథమని విడువవలెనన్న బసవపురాణమును గూడ విడువవలెను. 1812 నాటి ముద్రణము మొదలుకొని నేటి వరకు గల పాఠములను దగ్గరనుంచుకొని భక్తి, విశ్వాసము, క్రియ, మోమాటము, కూలి వంటి పదములు ఏ ముద్రణములో ప్రవేశించినవో, ఏవి తొలగినవో పట్టిక వేయుట ఒక పరిశోధక విద్యార్థికి తగిన పని. ఆ పని జరిగిన పిదపగాని 'పాదరీల తెలుగు' అను మాటలో నింద యెంతయో నిజ మెంతయో తేలదు. పదముల లెక్కతో పాటు, వానిని విని చచ్చిన పశువును ముట్టక, జాతరకు డప్పు పట్టక, అందులకు గ్రామపు కోపమును భరించిన వారి నడతయు ఆ పదముల యర్థములో భాగమేయని ఆ పరిశోధకుడు గుర్తుంచుకొనవలెనని మా మనవి.